జేబులో డబ్బు పోవడం వేరు, జేబే చిరిగిపోవడం వేరు

(హైదరాబాద్‌లో గేమ్ డిజైన్ నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు ఒక శనివారం సాయంత్రం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? ఆ ఫ్యాన్ కింద కూర్చున్న బాబూ, నీకు వినిపిస్తోందా? సరే. వినిపించకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు.

నన్ను మాట్లాడమన్నది ఆటల్లో అడ్డంకుల గురించి. అడ్డంకులంటే బోలెడున్నాయి. గోడలు, గోతులు, ముళ్లు, తాళాలేసిన తలుపులు. అవన్నీ వరసగా చెప్పుకుంటూ పోతే మీకు నిద్రొస్తుంది, నాకూ వస్తుంది. అందుకని ఒక్కటే పట్టుకొచ్చాను. నేల మీద పరుచుకుని ఉండే నల్లటి పదార్థం. మీరంతా చూసే ఉంటారు. నల్లగా ఉంటుంది, అంచుల్లో ఎర్రగానో ఊదాగానో మెరుస్తుంటుంది, బుడబుడమని బుడగలొస్తుంటాయి. కాలు పెడితే ఏదో అవుతుంది. ఒక్కో ఆటలో దానికి ఒక్కో పేరు. మా టీమ్‌లో మేం పెట్టుకున్న పేరు మడ్డి. నూనె డబ్బా ఖాళీ అయ్యాక అడుగున మిగులుతుందే, ఆ మడ్డి. ఇవాళంతా మడ్డి అనే అంటాను, అలవాటైపోయింది.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మేం నలుగురం కలిసి చిన్న మొబైల్ గేమ్ ఒకటి చేస్తున్నాం. మెట్లబావి ఆట. ఒకమ్మాయి చేతిలో దీపం పట్టుకుని బావిలోకి దిగుతుంది. సికింద్రాబాద్‌లో బన్సీలాల్‌పేట మెట్లబావి చూశారా ఎవరైనా? ఏళ్ల తరబడి చెత్తతో నిండిపోయి ఉన్న బావి. అదంతా తోడి, బాగుచేసి, 2022లో జనం కోసం తెరిచారు. ఆ ఫొటోలు చూసి పుట్టిన ఆలోచన మా ఆట. మెట్ల మీద అక్కడక్కడా మడ్డి పెట్టాం. తొక్కితే సెకనుకి ఐదు చొప్పున ఆరోగ్యం తగ్గుతుంది. మొత్తం వంద. బాగానే ఉంది అనుకున్నాం. ఫోన్ తీసుకెళ్లి మా అక్క కొడుక్కిచ్చాను. ఎనిమిదో తరగతి వాడు. వాడు మడ్డి చూశాడు. ఆగాడా? ఆగలేదు. నేరుగా దాని మీంచి పరిగెత్తుకెళ్లిపోయాడు.

"ఒరేయ్, అది తొక్కకూడదురా" అన్నాను. వాడు తలెత్తకుండా, "రెండు సెకన్లు పిన్నీ, పదే పోతుంది. ముందర కుండ ఉందిగా, తాగేస్తా. ఒట్టి బురదే కదా ఇది" అన్నాడు.

ఒట్టి బురదే కదా! రెండు వారాలు పట్టింది దానికి ఆ మెరుపు, ఆ బుడగలు తెప్పించడానికి. మా ఆర్టిస్టుకి చెప్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

కానీ వాడన్నదాంట్లో తప్పేముంది చెప్పండి? వాడికి అది లెక్క. పది ఇస్తే దాటొచ్చు. టోల్ గేట్ లాంటిది. టోల్ గేట్‌ని చూసి భయపడేవాళ్లున్నారా? విసుక్కుంటాం, కట్టేస్తాం, వెళ్లిపోతాం. మేం అడ్డంకి కట్టాం అనుకున్నాం, కట్టింది టోల్ గేట్.

సరే, ఇప్పుడు పెద్దవాళ్లు ఎలా చేశారో చూద్దాం. జెల్డా, అదే నింటెండో వాళ్ల ఆటల వరస, ఆడినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. అబ్బో, బాగానే ఉన్నారు. యూట్యూబ్‌లో చూసినవాళ్లు? నవ్వకండి, అదీ చూడటమే. స్విచ్ అనే ఆ ఆటల యంత్రం కొనడం అందరివల్లా అయ్యే పని కాదు. 2017 మార్చిలో "బ్రెత్ ఆఫ్ ద వైల్డ్" వచ్చింది. 2023 మేలో దాని తర్వాతి భాగం "టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్" వచ్చింది. రెండిటికీ దర్శకుడు ఒక్కరే, ఫుజిబయాషి. రెండిట్లోనూ మడ్డి ఉంది. అయితే ఒక మడ్డికీ ఇంకో మడ్డికీ పోలిక లేదు. ఆ తేడా పట్టుకుంటే మీకు ఈ సాయంత్రం గిట్టుబాటైనట్టే.

మొదటి ఆటలో దాని పేరు మాలిస్. కోట చుట్టూ, కోట లోపల, ఆ నాలుగు పెద్ద యంత్ర మృగాల కడుపుల్లో అతుక్కుని ఉంటుంది. తాకితే హార్ట్‌లు, అంటే తెర మీద గుండె బొమ్మలుగా కనిపించే ప్రాణం, తగ్గుతాయి. తగ్గితే ఏం చేస్తాం? ఒక యాపిల్ తింటాం. వండుకున్నది ఏదో ఒకటి తింటాం. మళ్లీ నిండుతాయి. అంటే దెబ్బ విషయంలో మా మడ్డికీ దానికీ పెద్ద తేడా లేదు. మరి మనం దాన్ని ఎందుకు మర్చిపోలేం? దానికో కన్నుంది. ఆ ముద్దలో ఎక్కడో ఒకచోట, ఒక్కోసారి గోడ వెనక, ఒక్కోసారి పైకప్పుకి, ఒక కన్ను ఉంటుంది. అది మిమ్మల్ని చూస్తూ ఉంటుంది. దానికి బాణం తగిలిందా, ఆ కన్నుకి సంబంధించిన మాలిస్ అంతా ఒక్కసారిగా కరిగి ఆవిరైపోతుంది. దారి తెరుచుకుంటుంది.

అక్కడ ఆట ఏం చేసింది? "ఇక్కడ నడవొద్దు" అనే విషయాన్ని "దీని కన్నెక్కడుందో వెతుకు" అనే పనిగా మార్చేసింది. మీరు నేల చూడటం మానేసి చుట్టూ చూడటం మొదలుపెడతారు. తల పైకెత్తుతారు, వెనక్కి తిరుగుతారు, స్తంభం చుట్టూ తిరిగొస్తారు. ఆ గది మొత్తం మీకు చూపించడానికి వేసిన ఎత్తు అది. గోడ పెట్టి ఉంటే ఆ గదిని మీరు అంత శ్రద్ధగా చూసేవారా? గోడ కనిపిస్తే వెనక్కి తిరుగుతాం, అంతే.

ఇక రెండోది. దీని పేరు గ్లూమ్. ఆట మొదలే దాంతో మొదలవుతుంది. మీరు ఆడే వీరుడు లింక్, రాకుమారి జెల్డా ఇద్దరూ కోట కింద సొరంగంలోకి దిగుతారు. అప్పుడు తెర మీద మీ హార్ట్‌లు చూడండి, వరసలు వరసలుగా ఉంటాయి. పాత ఆటలో కష్టపడి సంపాదించినవన్నీ ఉన్నట్టే. అబ్బా, బాగుందే అనుకుంటాం. కింద ఎండిపోయిన శవంలా గానన్‌డార్ఫ్ అనే విలన్ ఉంటాడు. వాడు లేస్తాడు, గ్లూమ్ విసురుతాడు. లింక్ కుడి చెయ్యి పోతుంది. వాడి కత్తి, మాస్టర్ స్వోర్డ్, ముక్కలవుతుంది. నిద్రలేచి చూసుకుంటే మీకు మిగిలినవి మూడు హార్ట్‌లు. మూడంటే మూడు. ఆట ఎలా ఆడాలో చెప్పకముందే, గ్లూమ్ ఏం పట్టుకుపోతుందో చెప్పేసింది. ఒక్క మాట కూడా రాయకుండా.

ఆ తర్వాత నేల కింద ఒక చీకటి లోకం ఉంటుంది, డెప్త్స్ అంటారు. అక్కడంతా గ్లూమే. అందులో కాలు పడితే హార్ట్ తగ్గదు. మీరు గమనించారా? తగ్గదు. విరిగిపోతుంది. ఆ గడే పోతుంది. పదింట్లో ఒకటి విరిగితే ఇక మీది తొమ్మిదే. ఎన్ని యాపిల్స్ తినండి, మాంసం వండుకు తినండి, ఆ విరిగింది నిండదు. సంచిలో ముప్పై వంటకాలున్నా పనికిరావు.

జేబులో డబ్బు పోవడం వేరు, జేబే చిరిగిపోవడం వేరు. మాలిస్ మీ డబ్బు పట్టుకుపోతుంది. గ్లూమ్ మీ జేబు చింపుతుంది. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకుంటాం. జేబు చిరిగితే ఎంత సంపాదించినా ఎక్కడ పెట్టుకుంటావు?

నేను మొదటిసారి డెప్త్స్‌లోకి దూకిన రాత్రి నాకు బాగా గుర్తుంది. నాకప్పుడు ఏడు హార్ట్‌లు. సంచిలో వంట బాగా చేసుకుని దిగాను, పెళ్లికి వెళ్తున్నదానిలా. చీకటి. వెలుగు గింజ ఒకటి విసిరాను, నాలుగడుగులు కనిపించాయి. ఇంకోటి విసిరాను. పక్కన ఏదో శత్రువు కర్రతో కొట్టాడు, కాలు జారి గ్లూమ్‌లో పడ్డాను. టక్, ఒకటి విరిగింది. లేచేలోపు ఇంకోటి. అలవాటు కొద్దీ సంచి తెరిచి, తిని, మూసి చూస్తే నిండినవి ఐదే. మళ్లీ తిన్నాను. ఐదే. మూడోసారి కూడా తిన్నానండీ! మొండితనం. అప్పుడు నాకు కడుపులో నిజంగా ఏదోలా అయింది. టెన్షన్ అంటే అది. చచ్చిపోతానని కాదు, చచ్చిపోతే మళ్లీ మొదలుపెడతాం, దానికేముంది. నా దగ్గరున్న మందు ఈ జబ్బుకి కాదని తెలిసిన టెన్షన్.

ఇక్కడొక చిన్న పిట్టకథ. ఇంగ్లిష్‌లో మాలిస్, గ్లూమ్ అన్నారు కదా, జపనీస్‌లో ఆ పేర్లు వేరు. మాలిస్‌ని ఒన్నెన్ అంటారు. అంటే పగ, చచ్చినా చల్లారని పగ. గ్లూమ్‌ని షోకి అంటారు. షోకి అంటే జబ్బు చేయించే చెడు గాలి. వేడీ తేమా ఎక్కువగా ఉండే చోట్ల నేలలోంచి లేచి మనుషులకి జ్వరాలు తెప్పిస్తుందని పాతకాలం వాళ్లు నమ్మిన గాలి. మన ఊళ్లలో ఏమంటారు? గాలి సోకింది అంటారు. షోకి, సోకింది. చుట్టరికమేం లేదు లెండి, ఊరికే అలా కలిసింది. కానీ అర్థం మాత్రం అచ్చంగా అదే. పిల్లాడు మధ్యాహ్నం పూట పాడుబడ్డ బావి దగ్గరికెళ్లి జ్వరంతో తిరిగొస్తే అమ్మమ్మ ఏమంటుంది? గాలి సోకిందిరా అంటుంది. ఎవరు చేశారు? ఎవరూ కాదు. ఆ చోటే అలాంటిది.

ఆ చోటే అలాంటిది. ఈ మాట పట్టుకోండి. యూరప్‌లో కూడా వందల ఏళ్లు ఇదే నమ్మారు. మలేరియా అన్న మాటకి ఇటాలియన్‌లో అర్థమే చెడ్డ గాలి. మరి ఆ నమ్మకానికి చివరి దెబ్బ తగిలిందెక్కడ? ఎవరైనా చెప్తారా? ఇక్కడే! బేగంపేటలో! 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ ఇచ్చారు. ఆ భవనం ఇప్పటికీ ఉంది. మీలో చాలామంది రోజూ ఆ పక్కనుంచే మెట్రోలో వెళ్తుంటారు.

రాస్‌కీ జెల్డాకీ ఏంటమ్మా సంబంధం అంటారా? ఉంది. రాస్ చేసిందేంటి? గాలి కాదు నాయనా, ఇదిగో ఈ దోమ, దీని పొట్టలో ఉంది అని చూపించాడు. జబ్బుకి ఒక కన్ను చూపించాడు. కన్ను కనిపిస్తే బాణం వేయొచ్చు. మాలిస్ అలాంటిది. వెతికితే దొరుకుతుంది, దొరికితే పోతుంది. గ్లూమ్ రాస్‌కి ముందు కాలంది. దానికి కన్ను లేదు. బాణం వేస్తే ఏమీ కాదు, కత్తితో నరికితే ఏమీ కాదు. ఆ చోటే అలాంటిది. ఒకే కంపెనీ, ఒకే దర్శకుడు, ఆరేళ్ల తేడాతో ముందు దోమని పెట్టారు, తర్వాత గాలిని పెట్టారు. వాళ్లు ఇలా ఆలోచించి చేశారని నేననడం లేదు, ఆడినప్పుడు నాకు అలా అనిపించింది.

కన్ను లేకపోతే మరి విరుగుడేంటి? ఇక్కడే నాకు వాళ్ల పనితనం చాలా ఇష్టం. మూడు దారులున్నాయి. ఒకటి, పైకి వెళ్లిపోవడం. నేల మీదకొస్తే విరిగిన హార్ట్‌లు బాగవుతాయి. రెండు, లైట్‌రూట్. డెప్త్స్‌లో పెద్ద పెద్ద వేర్ల చెట్లుంటాయి, 120. వెలిగిస్తే చుట్టూ చీకటి పోతుంది, మీ హార్ట్‌లు బాగవుతాయి, మ్యాప్ కనిపిస్తుంది. ఆ 120 సరిగ్గా పైన నేల మీదున్న 120 గుడుల కిందే ఉంటాయి. పేర్లు కూడా తిరగేసి రాసినవే. పైన గుడి దొరికితే కింద వేరు ఎక్కడుందో తెలిసినట్టే, కింద వేరు దొరికితే పైన గుడి తెలిసినట్టే. మూడు, సండేలియన్ అనే పువ్వు. దాన్ని వంటలో వేసుకు తింటే విరిగినవి అతుక్కుంటాయి. ఆ పువ్వు ఎక్కడ పూస్తుంది? ఆకాశంలో తేలే దీవుల మీద!

చూశారా? పాతాళంలో జబ్బు, ఆకాశంలో మందు. కిందికి దిగాలంటే ముందు పైకెక్కాలి. పైకెక్కి పూలు కోసుకొచ్చి, నేల మీద పొయ్యి వెలిగించి వండుకుని, అప్పుడు కిందికి దూకాలి. ఒక్క మడ్డి మూడు లోకాల్నీ సూది దారంలా కుట్టేసింది. ఆ మడ్డి లేకపోతే ఆకాశం, నేల, పాతాళం మూడు వేర్వేరు ఆటలు. ఇది డాక్యుమెంట్‌లో "శత్రువు దెబ్బ: ఐదు" అని రాసే పని కాదు. మడ్డి ఏం పట్టుకుపోతుంది, అది తిరిగి ఎక్కడ దొరుకుతుంది. ఈ రెండిటి మధ్య ఉన్న దూరమే ఆట.

ఇంకొకటి కూడా చేశారు వాళ్లు. గ్లూమ్ పట్టిన ఆయుధాలుంటాయి. చాలా బలమైనవి. కానీ వాడినకొద్దీ మీ హార్ట్‌లే విరుగుతాయి. వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు లాంటిది. అవసరం ఉన్నప్పుడు ఎంత వడ్డీ అయినా తీసుకుంటాం కదా. నేనూ తీసుకున్నాను, చివరి పోరులో.

గ్లూమ్ చేతుల సంగతి చెప్పకపోతే ఈ పిల్లలు నన్ను వదిలేలా లేరు, ముందు వరసలో అప్పుడే గుసగుసలు. సరే. నేల మీద ప్రశాంతంగా పూలు కోసుకుంటుంటే ఉన్నట్టుండి ఆకాశం ఎర్రబడుతుంది, సంగీతం పాడైన క్యాసెట్‌లా వంకర్లు పోతుంది, నేల మీదున్న మడ్డిలోంచి చేతులు లేస్తాయి. అరచేతిలో కన్ను. అవి మీ వెంట పడతాయి. మడ్డి కూడా వాటితో పాటే పాక్కుంటూ వస్తుంది. అప్పటిదాకా మడ్డి అంటే ఏంటి? మీరు దాని దగ్గరికెళ్తేనే ప్రమాదం. వెళ్లకపోతే దానిపాటికి అది పడి ఉంటుంది. ఆ నమ్మకాన్ని ఒక్కసారి తెంచేశారు. ఆ తర్వాత ఎక్కడ ఎర్రటి మరక కనిపించినా అనుమానమే. అన్నిచోట్లా చేతులు పెట్టలేదు, అక్కడక్కడే పెట్టారు. మంచి పని చేశారు. ప్రతి మూలా పెడితే వారంలో అలవాటైపోయేది.

ఇప్పుడు కడగడం గురించి. మీలో ఎంతమంది ఇళ్లలో పొద్దున్నే వాకిలి కడుగుతారు? అపార్ట్‌మెంట్లలో తగ్గిపోయింది లెండి. గొట్టం పట్టుకుని వాకిలి కడుగుతుంటే మట్టి చారలు చారలుగా కొట్టుకుపోయి కింద బండ మెరుస్తూ బయటపడుతుంది. అందులో ఒక సుఖం ఉందా లేదా? 2002లో నింటెండో వాళ్లు ఆ సుఖం మీదే ఒక మారియో ఆట మొత్తం కట్టారు, "సూపర్ మారియో సన్‌షైన్". మారియో సెలవులకని ఒక దీవికెళ్తాడు. అక్కడెవడో మారియో వేషంలో ఊరంతా రంగు మడ్డి పూసేసి ఉంటాడు. మారియోని పట్టుకుని కోర్టులో నిలబెడతారు. నువ్వే చేశావు, నువ్వే కడుగు అంటారు. వీపుకి నీళ్ల యంత్రం తగిలించుకుని ఊరు కడగడమే ఆట. పాపం, సెలవులకని వెళ్లినవాడు!

అదే వరసలో 2006లో "ఓకామి" వచ్చింది, క్యాప్‌కామ్ వాళ్లది, దర్శకుడు హిడెకి కామియా. సూర్య దేవత తెల్ల తోడేలు రూపంలో తిరుగుతుంటుంది. ఊళ్లకి శాపం పట్టి ఉంటుంది. నేలంతా నలుపు, దాంట్లోకి వెళ్తే దెబ్బ. కానీ అక్కడ ఎండిపోయిన ఒక మొక్క ఉంటుంది. ఆట ఆగిపోయి తెర కాగితంలా మారుతుంది. మీ చేతిలో కుంచె. ఆ మొక్క చుట్టూ ఒక సున్నా చుడతారు. అంతే. మొక్క పూస్తుంది, దాన్నుంచి పచ్చదనం అలలా లేచి కొండలు, పొలాలు, వాగులు అన్నిటి మీదుగా పరిగెడుతుంది, వెనకే పూలు. అది కాసేపలా జరుగుతూనే ఉంటుంది. మీ చేతిలో ఏ పనీ ఉండదు, చూస్తూ కూర్చోవడమే. మామూలుగా ఆటగాడి చేతిలోంచి ఆట లాక్కోకూడదని మీకు క్లాసులో చెప్తారు. ఇక్కడ లాక్కున్నారు, మనకి కోపం రాలేదు. గంటసేపు ఆ నలుపులో తిరిగాం కాబట్టి ఆ అరనిమిషం మన సంపాదన. రెండు నిమిషాలు తిరిగి ఉంటే స్కిప్ నొక్కేవాళ్లం.

శుభ్రం చేసిన చోటు మళ్లీ పాడైతే? ఆ భయం మీద నడిచే ఆట "టెర్రేరియా", 2011. అందులో మడ్డి పేరు కరప్షన్. పేపర్లో రోజూ చదివే కరప్షన్ కాదు బాబూ. గడ్డి, రాయి, ఇసుక, అన్నిట్లోకీ పాకుతుంది. ఆట సగంలో ఒక పెద్ద రాక్షసుణ్ని చంపుతారు, గెలిచామని సంబరపడేలోపు అది ఇంకా జోరుగా పాకడం మొదలుపెడుతుంది. మరి ఆటగాళ్లేం చేస్తారు? కందకాలు తవ్వుతారు! ఇంటి చుట్టూ, అడవి చుట్టూ, పైనుంచి కిందిదాకా గంటలు గంటలు తవ్వుతూ కూర్చుంటారు, అటునుంచి ఇటు అంటుకోకుండా. డ్రయాడ్ అనే ఒకావిడ ఉంటుంది, ఆవిణ్ని అడిగితే లోకంలో ఎంత శాతం పాడైందో చెప్తుంది. ఆ అంకె రోజూ అడిగి తెలుసుకునేవాళ్లున్నారు, బీపీ చూసుకున్నట్టు.

మన చెరువుల్లో గుర్రపుడెక్క చూశారుగా. సోమవారం ఒక మూల పచ్చగా ఉంటుంది, నెల తిరిగేసరికి నీళ్లే కనపడవు. తీసినవాళ్లు తీసినంత తీసి అలిసిపోతారు. మడ్డి పాకేలా చేస్తే మీకు వచ్చే చిక్కు అదే. చూసి భయపడినంతసేపు బాగుంటుంది. అలుపొచ్చిన క్షణాన ఆటగాడు ఆట మూసేస్తాడు. మా ఆటలో పాకే మడ్డి పెట్టి, మూడు రోజులకి తీసేశాం. ఆడిన ప్రతివాళ్లూ "ఇది ఇంటి పనిలా ఉంది" అన్నారు. టెర్రేరియాలో తవ్వడమే సరదా కాబట్టి చెల్లింది. మా దాంట్లో తవ్వడం లేదు.

"ప్రిన్స్ ఆఫ్ పర్షియా" 2008 సంగతి ఒక్క నిమిషంలో. స్పాయిలర్ అంటారేమో, ఇన్నేళ్లయ్యాక ఇంకా స్పాయిలర్ ఏంటండీ. అహ్రిమాన్ అనే చీకటి దేవుడి మడ్డి దేశమంతా పట్టి ఉంటుంది. అహ్రిమాన్ పేరు జొరాస్ట్రియన్ మతంలోది, మన అబిడ్స్ పార్సీల మతమే. రాజకుమారుడు, ఎలికా అనే అమ్మాయి కలిసి ఒక్కో చోటూ బాగుచేస్తారు. చివర్లో ఎలికా తన ప్రాణం ఇచ్చి అహ్రిమాన్‌ని బంధిస్తుంది. ఇక ఆట అయిపోయిందనుకుంటాం. అవ్వలేదు. ఆ అమ్మాయిని బతికించడానికి రాజకుమారుడు అహ్రిమాన్‌ని కట్టిపడేసిన చెట్లన్నీ నరికేసి వాణ్ని వదిలేస్తాడు. రాజకుమారుడు కాదు, మీరు. బటన్ నొక్కేది మీరే. పది పన్నెండు గంటలు కడిగిన ఇల్లు మీ చేత్తోనే మళ్లీ మడ్డి చేయించారు. ఆ రోజు నేను కంట్రోలర్ పక్కన పెట్టి కాసేపు అలా కూర్చున్నాను. నచ్చిందా లేదా అంటే ఇప్పటికీ చెప్పలేను.

సరే, ఇది ఎలా కడతారు? కోడ్ రాసేవాళ్లు ఎంతమంది ఇక్కడ? మీకోసం రెండు ముక్కలు. మామూలు ఫోన్లలో ఆడే ఆటకి నేల మీద పారదర్శకమైన పొరలు ఒకదాని మీద ఒకటి వేశారంటే ఓవర్‌డ్రాతో, అంటే ఒకే చుక్కని మళ్లీ మళ్లీ గీయాల్సి రావడంతో, ఫ్రేమ్ రేట్ పడిపోతుంది, ఫోన్ కాలిపోతుంది. మేం చేసిందేంటంటే, నేలంతటికీ 64 గడులు అడ్డం, 64 గడులు నిలువు ఉన్న ఒక చిన్న మాస్క్. మొత్తం 4,096 గడులు. ఒక్కో గడిలో ఒక అంకె, మడ్డి ఎంత ఉందో. నేల షేడర్, అంటే నేలకి రంగు వేసే చిన్న ప్రోగ్రామ్, ఆ మాస్క్ చూసి నలుపు కలుపుతుంది. అదే అంకెల్ని పాత్ర కాళ్లు కూడా చదువుతాయి. అంటే కంటికి కనిపించే మడ్డి, కాలికి తగిలే మడ్డి ఒకటే. ఇది చాలా ముఖ్యం. కంటికి అంచు ఇక్కడ, కాలికి అంచు అక్కడ అయితే ఆటగాడు తిట్టేది మిమ్మల్నే. పాకించాలంటే ఫ్రేముకి 256 గడులు మాత్రమే చూడండి, పదహారు ఫ్రేముల్లో ఒక చుట్టు. ముప్పై ఫ్రేముల ఫోన్‌లో దాదాపు అరసెకను. ఎవరికీ తెలియదు. అంచు కాస్త ఆటగాడి వైపు అనుకూలంగా ఉంచండి, బొటనవేలు తగిలినంత మాత్రాన శిక్ష వద్దు.

అవునమ్మా, చెప్పు. కాస్త గట్టిగా. ఆఁ, మంచి ప్రశ్న. అందరికీ వినిపించిందా? ప్రతిసారీ చెడ్డది నల్లగానే ఎందుకుండాలి అంటోంది. నిజమే కదా. ఒంటి రంగు మీద మన ఇళ్లలో పడే మాటలు మనకి తెలీనివా? నేను నల్లగా ఉంటానని చిన్నప్పుడు మా ఇంటికొచ్చే బంధువు ఒకావిడ ఏమనేదో ఇక్కడ చెప్పను. నల్లరేగడి నల్లగానే ఉంటుంది, అందులో పత్తి పండుతుంది. రంగు చెడ్డది కాదు. జెల్డాలో జాగ్రత్తగా చూడండి, గ్లూమ్‌ని మీరు గుర్తుపట్టేది నలుపుతో కాదు. డెప్త్స్ అంతా నలుపే కదా, నలుపుతో ఎలా తెలుస్తుంది? ఎర్రటి అంచు, పైకి లేచే నిప్పురవ్వల్లాంటి చుక్కలు, అదో రకం కదలిక. వాటితో తెలుస్తుంది. ఎరుపూ ఆకుపచ్చా తేడా కనిపించని ఆటగాళ్లు కూడా ఉంటారు, వాళ్లకి ఆ కదలికే దిక్కు. మా మడ్డికి మేం నలుపు తీసేశాం ఇప్పుడు. పాచి పట్టిన నూనె రంగు, మీద ఇంద్రధనుస్సు పొర, పెట్రోల్ బంకు దగ్గర వాన నీళ్లలో కనిపిస్తుందే, అది. మా ఆర్టిస్టు ఇప్పుడు మాట్లాడుతోంది నాతో.

మళ్లీ మా పిల్లాడి దగ్గరికొద్దాం. టోల్ గేట్ అయ్యాక రెండో వెర్షన్‌లో కోపం కొద్దీ తాకితే చావు అని పెట్టాం. పదకొండు సార్లు చచ్చాడు, ఛా అని ఫోన్ సోఫా మీద పడేసి క్రికెట్‌కి పోయాడు. మూడోది చేసేటప్పుడు గ్లూమ్ గుర్తొచ్చింది. వాడికి ఈ ఆటలో దేని మీద ప్రేముంది? ఆరోగ్యం మీద కాదు. దీపం మీద. ఆ దీపం వెలుగెంత ఉంటే వాడికి అంత బావి కనిపిస్తుంది. అందుకని మడ్డి తొక్కితే ఆరోగ్యం తగ్గదు, దీపం ప్రమిద చిన్నదైపోతుంది. నూనె ఎంత పోసినా ఆ చిన్న ప్రమిదలో పట్టేదింతే. వెలుగు గుండ్రం దగ్గరపడుతుంది.

వాడు మొదటిసారి తొక్కాడు. వెలుగు తగ్గింది. ఆగాడు. నూనె పోశాడు, పెరగలేదు. మళ్లీ పోశాడు. నాలాగే! అప్పుడు ఫోన్ మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. చీకట్లో చూడటానికి మనిషి అలాగే చేస్తాడు కదా, ఫోన్ స్క్రీన్ అని కూడా మర్చిపోయాడు. రెండో మడ్డి దగ్గర అంచున నిలబడ్డాడు. అటూ ఇటూ చూశాడు. ఎనిమిది సెకన్లు కదల్లేదు. పక్క నుంచి గడియారం చూస్తూ నేను లెక్కపెట్టాను. రెండు వారాల పనికి నాకు దొరికిన జీతం ఆ ఎనిమిది సెకన్లు.

తర్వాత వాడడిగిన మొదటి ప్రశ్న, "పిన్నీ, దీన్ని ఎక్కడ కడుక్కోవాలి?" మంచి నీటి ఊట ఒకటి పైమెట్ల దగ్గర పెట్టాం. మందు పైన, జబ్బు కింద. నేర్చుకున్నదే, దాచుకునేదేముంది. రెండో ప్రశ్న, "ఇది అసలు ఎక్కణ్నుంచి వస్తోంది?" దానికి మా దగ్గర జవాబు లేదు. మేం ఆలోచించలేదు. వాడే గోడ మీద ఒక చోట వేలు పెట్టి, "ఇక్కడ డ్రైనేజీ పైపు ఉంటే బాగుంటుంది, నేను గుడ్డ కుక్కేస్తా" అన్నాడు. ఎనిమిదో తరగతి! వాళ్ల వీధిలో చూసిందే చెప్పాడు. ఇప్పుడు ప్రతి బావిలో ఒక పైపు ఉంది. పైట కొంగు చింపి అందులో కుక్కితే ఆ వైపు మడ్డి ఎండిపోయి పెచ్చులుగా రాలుతుంది. ఆ రాలే శబ్దం మేం అప్పడం విరిచి రికార్డ్ చేశాం.

ఏంటి, ఆట పేరా? ఇంకా పెట్టలేదు. ఎప్పుడొస్తుందంటే ఏం చెప్పను, నలుగురికీ పగలు ఉద్యోగాలున్నాయి. ఇప్పటికి మూడు బావులు అయ్యాయి, నాలుగో దాంట్లో ఒక బగ్ ఉంది, గుడ్డ కుక్కాక పైపు మాయమైపోయి అమ్మాయి గోడలో ఇరుక్కుంటోంది. అది పట్టుకున్నవాళ్లు నాకు చెప్పండి. ఇదిగో, ఫోన్‌లో ఉంది, ఇటు రండి ఒక్కొక్కరూ. ఛార్జింగ్ పద్దెనిమిది శాతమే ఉంది, మొదటి బావి మాత్రం ఆడి పక్కవాళ్లకివ్వండి.